ఇండ్ల వ్యాపారంలో ‘ఆడపెత్తనం’

మన భాషలో కొన్ని మాటలకు జత ఉండదు. ‘ఆడపెత్తనం’ అట్టి మాట. ఒక ఇంట్లో పనులు సరిగా సాగక, లెక్కలు కుదరక, నలుగురూ నాలుగు దారులైతే “ఆ ఇంట్లో ఆడపెత్తనమండీ” అంటారు. అదే సంసారం మగవాని చేతిలో చెడితే “మగపెత్తనం” అని ఎవరూ అనరు. “పాపం, ఆయనకు వ్యవహారం చేతకాదు” అని ఊరుకొంటారు. తప్పు పురుషుడు చేస్తే అది ఆ ఒక్కని తప్పు. స్త్రీ చేస్తే ఆడజాతి అంతటి తప్పు. ఈ మాట అనేవారిలో ఆడవారూ ఉన్నారు, చదువుకొన్నవారూ ఉన్నారు, భార్యాబిడ్డలను ప్రాణసమానంగా చూచుకొనేవారూ ఉన్నారు. వారిలో ఏ ఒక్కరికీ దురుద్దేశం లేదు. మాట మాత్రం తన పని తాను చేసుకొని పోతూనే ఉన్నది.

ఈ నెల మేము పాఠకులతో ముచ్చటించదలచినది ఇట్టి తెలియని పక్షపాతాన్ని గురించి. తెలిసి చేసే అన్యాయాన్ని నలుగురూ ఖండిస్తారు, చట్టమూ శిక్షిస్తుంది. తెలియకుండా చేసేదానిని ఎవరు పట్టుకొంటారు? దీనిని వివరించడానికి ఇండ్లు, స్థలాలు కొని, కట్టి, అమ్మే వ్యాపారాన్ని, అంటే నేడు పల్లెలలో కూడా ‘రియల్ ఎస్టేటు’ అని పిలుస్తున్న దానిని తీసుకొన్నాము. కారణం స్పష్టమే. “ఇంటికి దీపం ఇల్లాలు” అన్నారు పెద్దలు. “ఇంటిని చూచి ఇల్లాలిని చూడు” అన్నారు. ఇల్లాలు అనే పేరే ఇంటినుంచి పుట్టింది. ఇంత చెప్పిన తరువాత, ఆ ఇంటికి ధర కట్టే చోట, కట్టించే చోట, సంతకం పెట్టే చోట ఆ ఇల్లాలు ఎక్కడ ఉన్నదో చూడడం న్యాయమే కదా!

ముందు కొనేవారి సంగతి చూద్దాము. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. ఇద్దరి జీతాల మీదా బ్యాంకు అప్పు ఇస్తున్నది. ఇద్దరూ కలిసి ఫ్లాటు చూడబోతారు. చూపించే మనిషి ధర, కిస్తులు, పత్రాల సంగతి భర్త వైపు తిరిగి చెబుతాడు. వంటగది గట్టు, పూజగది, బట్టలారవేసే వసారా సంగతి భార్య వైపు తిరిగి చెబుతాడు. ఆమె బ్యాంకులోనే ఆఫీసరు కావచ్చును. ఆమె వడ్డీ గురించి ప్రశ్న వేస్తే జవాబు మాత్రం భర్తకు వస్తుంది. చూపించే మనిషి మర్యాదస్థుడే. “అమ్మగారూ” అని పిలుస్తాడు, కుర్చీ వేస్తాడు, మంచినీళ్ళు ఇప్పిస్తాడు. మర్యాదకు లోపం లేదు. డబ్బు మాటలు వచ్చినప్పుడు మాత్రం ఆయన మెడ దానంతట అదే ఒక వైపుకు తిరుగుతుంది.

ఒంటరిగా ఉద్యోగం చేసుకొనే అమ్మాయి ఇల్లు అద్దెకు అడిగితే, “నాన్నగారినొకసారి మాట్లాడమనమ్మా” అంటారు. ఆమె వయస్సు 40 దాటినా ఆ మాట తప్పదు. దస్తావేజులో పురుషుని పేరు ప్రక్కన ‘ఫలానా వారి కుమారుడు’ అని ఉంటుంది. స్త్రీ పేరు ప్రక్కన పెండ్లికి ముందు ‘కుమార్తె’ అనీ, తరువాత ‘భార్య’ అనీ ఉంటుంది. పెండ్లితో ఆమె చిరునామాయే కాదు, పత్రంలో ఆమె ఎవరన్నదీ మారుతుంది. ఆయన మాత్రం జీవితాంతం ఒక్కరి కుమారుడే. ఇవన్నీ చిన్న విషయాలే. కాని చినుకు చినుకుగా కురిసిన వానకే చెరువు నిండుతుంది.

ఇక వ్యాపారం నడిపేవారి సంగతి. ఈ రంగంలో స్త్రీలు లేరా అంటే ఉన్నారు. వచ్చినవారిని పలుకరించే బల్ల దగ్గర ఉన్నారు. టెలిఫోనులో ఫ్లాట్ల వివరాలు చెప్పే చోట, లెక్కలు రాసే చోట, గదుల అలంకరణ చేసే చోట ఉన్నారు. భూమి కొనే బేరంలో, అనుమతుల కోసం తిరిగే చోట, సైటు మీద పని చేయించే చోట, పెద్ద అప్పులు మాట్లాడే చోట తక్కువగా కనబడతారు. ఈ పంపకాన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు. “అర్ధరాత్రి దాకా బేరాలు, ఊళ్ళ రాజకీయాలు, మేస్త్రీలతో తగాదాలు—ఆడపిల్లకెందుకు ఈ శ్రమ?” అని దయతలచి చేసినదే. కాని ఈ వ్యాపారంలో లాభమూ పలుకుబడీ పుట్టేది భూమి దగ్గర. ఎకరం ఏ ధరకు దొరికిందో, అనుమతి ఎన్నాళ్ళకు వచ్చిందో, వాటిమీదే కంపెనీ బ్రతుకు ఆధారపడి ఉంటుంది. అక్కడ పని నేర్చినవారే రేపు పై కుర్చీలో కూర్చుంటారు. కుర్చీ ఖాళీ అయిన రోజున, “ఆమె సమర్థురాలే, కాని భూమి వ్యవహారం తెలియదు కదా” అంటారు. నీళ్ళలో దిగనివ్వకుండా, ఈత రాదని పక్కన పెట్టడం ఇదే. దయ పేరుతో మొదలైనది అనర్హతగా తేలింది.

దీనికి తోడు మన దేశంలో ఈ వ్యాపారం చాలా వరకు కుటుంబాల చేతిలో నడుస్తున్నది. బజారులో బోర్డులు చూడండి. ‘అండ్ సన్స్’, ‘బ్రదర్స్’ అనేవి కోకొల్లలు. కూతుళ్ళ పేరున బోర్డు ఎంత అరుదో పాఠకులకు మేము చెప్పనక్కర లేదు. కుమారుడు కాలేజీ ముగించిన మర్నాడు సైటుకు వెళతాడు. కుమార్తె కాలేజీ ముగిస్తే సంబంధాలు చూస్తారు. ఆ తండ్రికి కూతురి మీద ప్రేమ తక్కువా? కాదు. ఆయన మనస్సులో ‘వారసుడు’ అనే మాటకు ముందే ఒక రూపం ఏర్పడి ఉన్నది.

ఈ ‘ముందే ఏర్పడి ఉన్న రూపాన్ని’ శాస్త్రీయంగా పరిశోధించినవారిలో ముఖ్యురాలు మన సికిందరాబాదులో పుట్టి పెరిగిన పార్శీ మహిళ, ప్రొఫెసర్ మహ్‌జరీన్ బనాజీ. ఆమె నిజాం కాలేజీలో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్ళి, 1986లో డాక్టరేటు పొంది, మొదట యేల్‌లోను, తరువాత హార్వర్డులోను ఆచార్యులైనారు. ఆమె, ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ అనే ఆచార్యుడు కలిసి 1995లో ఒక వ్యాసంలో, మనిషికి ఎరుక లేకుండానే అతని తీర్పులను నడిపే భావాలు ఉంటాయని వాదించారు. 1998లో గ్రీన్‌వాల్డ్ బృందం దానిని కొలిచే పరీక్షను ప్రకటించింది. అందులో తెరమీద ఒక్కొక్క మాటే కనబడుతుంది. ఒకసారి పురుషుల పేర్లూ ఉద్యోగపు మాటలూ ఒక మీటకు, స్త్రీల పేర్లూ కుటుంబపు మాటలూ మరొక మీటకు కేటాయిస్తారు. ఇంకొకసారి ఆ జతలను తారుమారు చేస్తారు. ఏ జతకు చేయి చురుకుగా కదులుతున్నది, ఏ జతకు తడబడుతున్నది అన్న లెక్క సెకనులో వెయ్యో వంతు వరకు కడతారు. పురుషుడు–ఉద్యోగం అన్న జతకు చాలామంది చేయి చురుకుగా కదిలింది. అందులో స్త్రీలూ తక్కువేమీ కాదు.

ఒక మనిషికి ఈ పరీక్షలో వచ్చిన లెక్కను బట్టి ఆ మనిషి రేపు ఎట్లా ప్రవర్తిస్తాడో చెప్పలేమని విమర్శించిన పండితులున్నారు. ఆ విమర్శలో బలమున్నది. కనుక దీనిని జాతకంలాగా చూడరాదు. మేము ఇందులోనుంచి గ్రహించవలసినది ఒక్కటే అనుకొంటున్నాము. పక్షపాతం చెడ్డవారి సొత్తు కాదు. బనాజీ, గ్రీన్‌వాల్డ్ 2013లో రాసిన పుస్తకం కూడా మంచి మనుషులలో దాగిన పక్షపాతాలను గురించినదే. కంటిలో చూపు లేని చోటు ఒకటి ప్రతివారికీ ఉంటుంది. అది కంటిజబ్బు కాదు, కంటి నిర్మాణమే అంత. ఆ సంగతి ఎరిగినవాడు తల కొంచెం తిప్పి చూస్తాడు.

పాత సంగతులు కొంచెం తిరగవేస్తే ఈ చూపు లేని చోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇండ్లు కట్టే పనికి స్త్రీ కొత్త కాదు. బొంబాయిలో కామాఠిపురమనే పేటకు ఆ పేరు తెలుగుదేశం నుంచి వలస వెళ్ళిన కామాఠీ కూలీల వలన వచ్చింది. నేటికీ మన పట్టణాలలో తెల్లవారితే కూలీల అడ్డాల మీద ఆడవారు నిలబడి ఉంటారు. ఇటుకలు మోసేది, ఇసుక జల్లించేది, తట్టలెత్తేది వారే. కాని తాపీ మాత్రం వారి చేతికి రాదు. పదేండ్లు పని చేసిన పురుషుడు మేస్త్రీ అవుతాడు, కూలి పెరుగుతుంది. పదేండ్లు పని చేసిన స్త్రీ తట్ట దగ్గరనే ఉంటుంది. ‘మేస్త్రీ’కి స్త్రీలింగమే మన భాషలో నిలువలేదు. సమాన పనికి సమాన వేతనమని 1976లో చట్టం వచ్చింది. ఆ నియమం తరువాత 2019 నాటి వేతనాల కోడులో చేరింది. పని సమానమైతే కదా వేతనం సమానం! తాపీ ఒకరికి, తట్ట ఒకరికి అని పనినే వేరు చేస్తే చట్టానికి పట్టుకొనేందుకు ఏమీ దొరకదు.

చదువుకొన్నవారి సంగతికి వస్తే, మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1919లో పుట్టిన అయ్యలసోమయాజుల లలితగారిని తలచుకోవాలి. 15 ఏండ్లకు పెండ్లి, 18 ఏండ్లకు వైధవ్యం, చేతిలో నాలుగు నెలల పసిబిడ్డ. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఆచార్యులు. ఆయన కూతురిని మూల కూర్చోబెట్టలేదు, కాలేజీ వారి అనుమతి తెప్పించి చేర్పించారు. ఆమె 1943లో విద్యుచ్ఛక్తి శాఖలో పట్టం పుచ్చుకొని దేశంలో తొలి మహిళా ఇంజనీరు అయినారు. పట్టా కాగితం మీద పురుషవాచకమే అచ్చయి ఉన్నది. దానిని కలంతో కొట్టివేసి స్త్రీవాచకం రాసి ఇవ్వవలసి వచ్చింది. కాగితం అచ్చు వేసినవారికి లలితగారి మీద కోపం ఏముంటుంది? స్త్రీ వస్తుందని వారికి తోచలేదు, అంతే. తోచకపోవడమే ఈ వ్యాసానికి విషయం. ఆమె తరువాత భాక్రానంగల్ విద్యుత్ పనులకు నమూనాలు తయారు చేశారు. 1964లో న్యూయార్కులో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల సమావేశానికి వెళ్ళారు. ఆమె వెనుకనే అదే కాలేజీలో సివిల్ శాఖ చదివిన పి. కె. త్రేసియాగారు 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరు అయినారు. ఒక తండ్రి ఒక కూతురికి తలుపు తెరిస్తే, ఆ తలుపులో మరి ఇద్దరు ముగ్గురు నడిచిపోతారు.

మన కాలంలో ప్రకాశం జిల్లా పల్లెలో పుట్టి, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో ఆచార్యులుగా ఉన్న జి. మాధవీలతగారు చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన రైలు వంతెనకు 17 ఏండ్లు రాతినేల విషయాలలో సలహాదారుగా పనిచేశారు. 2025 జూన్ 6న వంతెన ప్రారంభమైనప్పుడు పత్రికలు ఆమెను ఆకాశానికి ఎత్తినవి. తనను అనవసరంగా ప్రసిద్ధురాలిని చేయవద్దనీ, పనిచేసిన వేలమందిలో తానొకతెననీ ఆమె వినయంగా విన్నవించుకొన్నారు. ఇందులో వినయమే కాదు, వివేకమూ ఉన్నది. పురుషుడు వంతెన కడితే వంతెనను చూస్తారు. స్త్రీ కడితే స్త్రీని చూస్తారు. పొగడ్త కూడా ఆశ్చర్యం నుంచి పుడితే అది పక్షపాతానికి చెల్లెలే.

ఆడవారి సంఖ్య పెరిగితే పెత్తనం దానంతటదే వస్తుందని కొందరు అంటారు. అమెరికా అనుభవం అట్లా చెప్పడం లేదు. అక్కడ ఇండ్ల మధ్యవర్తుల జాతీయ సంఘం 1908లో ఏర్పడింది. నేడు దాని సభ్యులలో నూటికి 60 మందికి పైగా స్త్రీలే. అయినా ఆ సంఘానికి మొదటి మహిళా అధ్యక్షురాలు 1992లో గాని రాలేదు. 84 ఏండ్లు పట్టింది! ఆ దేశంలోనే, 1974లో చట్టం నిషేధించే వరకు, స్త్రీ అప్పు అడిగితే భర్త సంతకం తెమ్మనడం బ్యాంకులకు మామూలు. ఇండ్లు అమ్మడానికి ఆమె పనికి వచ్చింది, తనకొక ఇల్లు కొనుక్కోవడానికి ఆమె సంతకం మాత్రం చాలలేదు.

మన దేశంలో చట్టం కొన్ని చోట్ల మనకంటె ముందు నడిచింది. పిత్రార్జితపు ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1985 నుంచి అమలయ్యేటట్టు చట్టం చేసింది. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో అదే దారి పట్టినవి. కాని అప్పటికే పెండ్లి అయిన కుమార్తెలకు ఆ చట్టాలు వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం ఆ అడ్డు తొలగించింది. ఆ తేదీకి తండ్రి జీవించి ఉండనక్కర లేదని, కుమార్తె హక్కు పుట్టుకతోనే వచ్చినదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చి చెప్పింది. ఇంటిపత్రం స్త్రీ పేర పెడితే కొన్ని రాష్ట్రాలు సుంకం తగ్గించినవి. మహారాష్ట్ర 2021 ఏప్రిల్ నుంచి నివాసపు ఇండ్ల మీద స్త్రీలకు నూటికి ఒక రూపాయి తగ్గించింది. తమిళనాడు 2025 ఏప్రిల్ నుంచి, 10 లక్షల లోపు ఆస్తులకు, రిజిస్ట్రేషను రుసుములో అంతే తగ్గించింది. 2015లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన, ఇల్లు ఇంటి ఆడవారి పేరనో, భార్యాభర్తలిద్దరి పేరనో ఉండాలన్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఒంటరిగానో ఉమ్మడిగానో ఇల్లు లేక భూమి తమ పేర ఉన్నదని చెప్పిన స్త్రీలు నూటికి 43 మంది.

చూడబోతే బాగున్నది. కాని పేరు ఒకటి, పెత్తనం ఒకటి. సుంకం కలిసివస్తుందని భార్య పేర ఫ్లాటు కొని, దానిని అద్దెకు ఇచ్చేటప్పుడు, కుదువ పెట్టేటప్పుడు, అమ్మేటప్పుడు “ఇక్కడొక సంతకం పెట్టు” అని కాగితం మడిచి చూపే ఇండ్లు ఉన్నవి. ఇక పుట్టింటి ఆస్తి సంగతి మరింత సున్నితం. తండ్రి పోయిన తరువాత అన్నదమ్ములు ఆడపడుచులను పిలిచి, చీర పెట్టి, పసుపుకుంకుమ ఇచ్చి, హక్కు విడుదల దస్తావేజు ముందు పెడతారు. ఆమె చదవకుండానే సంతకం చేస్తుంది. “పుట్టింటి గడప నిలుపుకోవద్దా?” అంటుంది. ఆమె ఇష్టపడి వదులుకొంటే అది ఆమె ఔదార్యం, ఎవరూ కాదనరాదు. కాని తన వాటా ఎంతో, దాని వెల ఎంతో తెలుసుకోకుండా వదిలితే అది ఔదార్యం కాదు, అలవాటు. ఇచ్చేవాడికి ఇస్తున్నదేమిటో తెలిస్తేనే అది దానం.

వ్యాపారంలో స్త్రీల పెత్తనానికీ, ఈ సంతకానికీ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చును. ఇండ్ల వ్యాపారానికి మూలధనం భూమి. తాకట్టు పెట్టడానికి ఆస్తి లేని మనిషికి బ్యాంకులో పెద్ద పెట్టుబడి అప్పు దొరకడం కష్టం. అన్నగారు తండ్రి స్థలం మీద నాలుగంతస్తులు వేసి ఆ లాభంతో మరొక స్థలం కొని బిల్డరు అయినారు. అదే స్థలంలో సగం వదులుకొన్న చెల్లెలు, ఆయన ఆఫీసులో లెక్కలు రాస్తున్నది. ఇద్దరి తెలివిలో తేడా ఎంతో మనకు తెలియదు. తెలుసుకొనే అవకాశం ఆ ఒక్క సంతకంతో పోయింది.

మరి ఈ పక్షపాతం పోయేదేనా? పోతుందనడానికి మంచి ఆధారమే ఉన్నది. 1993 తరువాత మన పంచాయతీలలో మూడవ వంతు అధ్యక్ష పదవులు వంతులవారీగా స్త్రీలకు ప్రత్యేకించారు. ఏ ఊరికి ఎప్పుడు వంతు వస్తుందో ఊరివారి ఇష్టాన్ని బట్టి కాక వరుసను బట్టి వచ్చింది గనుక, పరిశోధకులకు పోల్చి చూడడం సులభమైనది. పశ్చిమ బెంగాలులో ఎస్తర్ డూఫ్లో, మరి కొందరు ఆర్థిక శాస్త్రజ్ఞులు గ్రామస్థులకు ఒక నాయకుని ఉపన్యాసం వినిపించారు. మాటలు అవే. కొందరికి పురుష కంఠంలో, కొందరికి స్త్రీ కంఠంలో వినిపించారు. ఎన్నడూ మహిళా అధ్యక్షురాలు లేని ఊళ్ళలో పురుషులు, స్త్రీ కంఠంలో విన్న నాయకత్వానికి తక్కువ మార్కులు వేశారు. మహిళ అధ్యక్షురాలిగా పనిచేసిన ఊళ్ళలో ఆ తేడా పోయింది. ఇది 2009లో ప్రచురితమైంది. వారే 2012లో మరొక సంగతి ప్రకటించారు. రెండు దఫాలు మహిళలకు పదవి వచ్చిన ఊళ్ళలో, ఆడపిల్లల చదువు మగపిల్లల చదువుకంటె వెనుకబడి ఉండడమే పోయింది. తలిదండ్రులు కూతుళ్ళను గురించి కనే కలలు పెరిగినవి.

అదే పరిశోధనలో, ఆ ఊళ్ళ పురుషులు “మీకు స్త్రీ నాయకత్వం ఇష్టమా?” అంటే ఇష్టమనలేదు. ఇష్టం మారలేదు, అంచనా మారింది. మాకు ఇది ఎంతో ధైర్యమిచ్చే మాటగా తోచింది. అందరి మనస్సూ మారేదాకా ఆగితే తరాలు పడుతుంది. పని చూపించే కుర్చీ ముందు ఇస్తే, పనిని చూచి కన్ను తనను తాను దిద్దుకొంటుంది.

కుర్చీ ఇవ్వడమంటే పెద్ద కంపెనీల మాట అనుకోనక్కర లేదు. మహారాష్ట్ర సహకార చట్టం ప్రతి గృహ సంఘపు కార్యవర్గంలో స్త్రీలకు 2 స్థానాలు ప్రత్యేకించింది. బొంబాయి, షోలాపురం, పూనాలలోని మన కుటుంబాలు ఎన్నో ఇట్టి సంఘాలలో ఉన్నవి. ఆ స్థానంలో పేరు ఇచ్చి, సమావేశానికి భర్తను పంపడం అక్కడక్కడ జరుగుతున్నది. “సర్పంచి భర్త” అనే వింత పదవి మన పల్లెలలోనూ ఉన్నది కదా! అయితే ఒక సంవత్సరం పాటు నీటి పంపు కంట్రాక్టు, లిఫ్టు మరమ్మతు, గోడల చెమ్మ, నిర్వహణ రుసుముల బకాయిలు ఇవన్నీ చూచిన ఇల్లాలికి, కట్టడం అంటే ఏమిటో, కంట్రాక్టరు ఎక్కడ తప్పించుకొంటాడో తెలుస్తుంది. 2016 నాటి రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టం ప్రకారం మధ్యవర్తులు తమ పేరు నమోదు చేసుకోవాలి, కట్టేవారు కట్టడం వివరాలు బయట పెట్టాలి. వ్యవహారమంతా చీకటి బేరంగా ఉన్న రోజులకంటె, కాగితం మీద నడిచే రోజులలో చదువుకొన్న స్త్రీకి ప్రవేశం సులువు. ఇంటి దగ్గరనుంచి ఒక చిన్న కార్యాలయం నడుపదలచిన మన ఆడపడుచులకు ఇది తగిన రంగమే.

“సామర్థ్యం ఉంటే ఎవరు ఆపుతారు?” అనేవారికి మా జవాబు ఇది. సామర్థ్యాన్ని అంచనా కట్టేది మనిషి కన్ను. ఆ కన్ను ఏ మాటకు ఎవరి వైపు తిరుగుతున్నదో పైన చెప్పుకొన్నాము. “మా ఆడవారికే ఇష్టం లేదండీ” అనేవారికీ ఒక మాట. ఒకసారి అడిగి, ‘వద్దు’ అంటే వదిలేయవద్దు. చిన్నప్పటినుంచి ‘నీకెందుకమ్మా’ అని విన్నవారు, మొదటిసారి అడిగినప్పుడు ‘నాకెందుకు’ అనే అంటారు.

చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. ఇల్లు చూడబోయినప్పుడు ధర మాట భార్య అడగనివ్వండి, జవాబు భర్త వైపు వస్తే ఆయన మౌనంగా ఉండి ఆమె వైపు చూపండి. దస్తావేజు ముసాయిదా ఇంట్లో అందరి ముందు ఒకసారి పైకి చదవండి. ఆడపడుచు చేత విడుదల పత్రం మీద సంతకం పెట్టించే ముందు ఆస్తి వెల కట్టించి, ఆ అంకె ఆమెకు చెప్పి, నెల రోజులు గడువు ఇవ్వండి. వ్యాపారంలో ఉన్న తండ్రులు కుమారుని తీసుకుపోయినట్టే కుమార్తెను కూడా భూమి కొలతకూ, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకూ తీసుకుపోండి. ఉద్యోగాలిచ్చేవారు పేరు చూడకముందు పని చూడండి, అందరినీ అవే ప్రశ్నలు అదే వరుసలో అడగండి. అప్పుడు మెడ ఒక వైపుకే తిరిగే అవకాశం తగ్గుతుంది.

చివరగా మన తెలుగు సంఘాలకొక విన్నపం. బరంపురంలోనైనా, బళ్ళారిలోనైనా, హోసూరులోనైనా, యానాంలోనైనా, ఉగాది వచ్చిందంటే ముగ్గులు, వంటలు, ప్రార్థన గీతం, అతిథులకు బొట్టు పెట్టడం ఆడవారికి అప్పగిస్తాము. ‘భవన నిర్మాణ సంఘం’ అని కాగితం మీద రాసేటప్పుడు మాత్రం మొదటినుంచి చివరిదాకా మగపేర్లే వస్తాయి. ఎవరూ కావాలని రాయరు. కలం అట్లా నడుస్తుంది. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఆ జాబితా రాయబోయే కార్యదర్శిగారు ఒక్క నిమిషం కలం ఆపి, ఇద్దరు స్త్రీల పేర్లు ముందు రాయవలెనని మా కోరిక. అలంకారానికి వద్దు. ఒకరికి కంట్రాక్టరు బిల్లులు తనిఖీ చేసే పని, ఒకరికి స్థలం పత్రాల పని ఇవ్వండి. సంవత్సరం తరువాత లెక్క చూడండి. బాగుంటే మెచ్చుకోండి, బాగుండకపోతే మగవారిని అడిగినట్టే నిలదీసి అడగండి. మెప్పులోనూ నిలదీయడంలోనూ ఒకే కొలత పెట్టడమే మేము కోరుతున్న సమానత్వం.